పాత ఇంటి మరమ్మతులు, రంగులు: సొంతంగా చేసుకోదగిన పనులు

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు: పాత ఇంటి గోడ ఏ పదార్థంతో కట్టినదో గుర్తించగలుగుతారు. గోడకు చెమ్మ ఎక్కడి నుంచి వస్తున్నదో తెలుసుకోగలుగుతారు. సున్నపు గోడకు సిమెంటు పూత ఎందుకు చేటు చేస్తుందో వివరించగలుగుతారు. ఏ పని సొంతంగా చేసుకోవచ్చో, ఏ పనికి మేస్త్రినో ఎలక్ట్రీషియన్‌నో ఇంజనీరునో పిలవాలో నిర్ణయించుకోగలుగుతారు.

పరిచయం

మీలో చాలామంది తాతల నాటి ఇంట్లో ఉంటూ ఉండవచ్చు, లేదా అటువంటి ఇంటికి వారసులై ఉండవచ్చు. కోస్తాలో అది సున్నం, ఇటుకలతో కట్టిన మండువా లోగిలో, మంగుళూరు పెంకుటిల్లో అయి ఉంటుంది. తెలంగాణలో రాతి గోడల ఇల్లో, మట్టి మిద్దెనో కావచ్చు. ఇటువంటి ఇళ్ల విషయంలో మనం తరచుగా వినే మాట ఒకటుంది: "ఎంత పోసినా ఈ గోడ నిలవదండీ, పడగొట్టి కట్టుకోవడం మేలు." నిజానికి ఎనభై, తొంభై ఏళ్లు నిలిచిన గోడ గడిచిన పదిహేనేళ్లలోనే ఎందుకు పాడైందని ఎవరూ అడగరు. అడిగితే చాలాచోట్ల సమాధానం ఒకటే వస్తుంది. గోడ పాతబడటం వల్ల పాడు కాలేదు, దానికి చేసిన మరమ్మతు వల్ల పాడైంది.

ఒకప్పుడు ఇంటి మరమ్మతు ఇంటిపనిలో భాగం. సంక్రాంతికి ముందు గోడలకు సున్నం వేసేవారు. మృగశిర కార్తె రాకముందే పగిలిన పెంకులు మార్చేవారు. వారాంతాల్లో నేల అలికేవారు. ఇవి ఏటా జరిగే చిన్న పనులు, ఇంటివాళ్లే చేసుకునేవారు. ఇప్పుడు పదేళ్లు ఏమీ చేయకుండా ఊరుకుని, ఒక్కసారిగా లక్షలు పోసి "మొత్తం సిమెంటు" చేయిస్తున్నాం. ఈ పాఠంలో ఆ చిన్న పనుల వెనుక ఉన్న శాస్త్రాన్ని పరిశీలిద్దాం.

గోడ దేనితో కట్టినది?

పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పేటెంటు పొందాడు. మన దేశంలో 1914లో పోర్‌బందర్‌లో సిమెంటు తయారీ మొదలైంది. అయినా అది పల్లెల దాకా రావడానికి చాలా కాలం పట్టింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా మన జిల్లాల్లో గానుగ సున్నంతోనే ఎన్నో ఇళ్లు కట్టారు. రాతి చక్రాన్ని ఎద్దు తిప్పుతుంటే గుండ్రటి కాలువలో సున్నం, ఇసుక, కొన్నిచోట్ల ఇటుక పొడి కలిసి వెన్నలా నలిగేవి. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపేవారు. 1591లో కట్టిన చార్మినార్ కూడా రాయి, సున్నంతో లేచిన కట్టడమే.

మీ ఇల్లు ఏ కోవకు చెందినదో తెలుసుకోవడానికి ఖరీదైన పరీక్షలు అక్కర్లేదు. ముందుగా గోడ మందం కొలవండి. అడుగున్నర, అంతకు మించి ఉంటే అది సున్నపు గోడో మట్టి గోడో అయ్యే అవకాశం ఎక్కువ. తరువాత కనబడని మూల చూసి, ఇటుకల మధ్య అతుకును మేకుతో గీయండి. తెల్లగా, పొడిపొడిగా రాలితే సున్నం. బూడిద రంగులో ఉండి మేకుకు లొంగకపోతే సిమెంటు. అతుకులోంచి చిన్న పెళ్లను తీసి గ్లాసెడు నీళ్లలో వేసి గంటసేపు ఉంచండి. మట్టి అయితే కరిగి అడుగున పేరుకుంటుంది, సున్నం అయితే గట్టిగానే ఉంటుంది. నిమ్మరసం చుక్క వేస్తే నురగ వచ్చిందని, కాబట్టి ఇది సున్నమేనని కొందరు అంటారు. ఆ పరీక్ష మట్టికీ సున్నానికీ తేడా చెబుతుంది కానీ సున్నానికీ సిమెంటుకూ చెప్పదు, ఎందుకంటే పాత సిమెంటు కూడా నురగ ఇస్తుంది.

సున్నం ఎలా గట్టిపడుతుంది?

సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వరకు కాల్చితే అందులోని కార్బన్ డై ఆక్సైడ్ వెళ్లిపోయి పొడి సున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. దీనికి నీరు తగిలితే కుతకుత ఉడికి తడి సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. ఈ తడి సున్నాన్ని గోడకు పూసినప్పుడు అది గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుని తిరిగి కాల్షియం కార్బొనేట్‌గా, అంటే బయలుదేరిన చోటికే, రాయిగా మారుతుంది. సముద్ర తీరంలో రాయికి బదులు గుల్లలు కాల్చేవారు, రసాయన చర్య మాత్రం ఒకటే.

ఈ చర్య నుంచి మనం రెండు విషయాలు గ్రహించాలి. మొదటిది, సున్నం గట్టిపడటానికి గాలి, కాస్త తడి, సమయం కావాలి. కాబట్టి ఎండలో పూసి ఒక్కరోజులో ఆరబెడితే అది రాయి కాదు, పొడి అవుతుంది. రెండవది, గట్టిపడిన సున్నంలో సన్నని రంధ్రాలు మిగిలి ఉంటాయి. వాటి గుండా నీటి ఆవిరి లోపలి నుంచి బయటకు పోగలదు. పాత గోడ వానాకాలంలో కొంత తడి పీల్చుకుని, ఎండాకాలంలో దాన్ని వదిలేస్తుంది. దీన్నే వాడుకలో గోడ ఊపిరి తీసుకోవడం అంటారు.

సిమెంటు దీనికి భిన్నమైనది. అది గట్టిది, పెళుసైనది, ఆవిరిని అంత తేలికగా పోనివ్వదు. కొత్త కాంక్రీటు ఇంటికి అది సరైన పదార్థమే. సిమెంటును నిందించడం నా ఉద్దేశం కాదు. మెత్తని గోడ మీద గట్టి పూత వేసినప్పుడు మాత్రం గోడ కదిలినచోట పూత కదలదు. వాటి మధ్య పగులు ఏర్పడుతుంది. ఆ పగులులోంచి లోపలికి వెళ్లిన నీరు మళ్లీ బయటకు రాలేదు.

చెమ్మ: ముందు దారి కనిపెట్టాలి

పాత ఇంటి రోగాల్లో పదింట ఎనిమిది నీటి వల్ల వచ్చేవే అని నా అనుభవంలో చెప్పగలను. కాబట్టి రంగు డబ్బా కొనకముందు ఒక వానాకాలం ఇంటిని గమనించడం మంచిది.

నీరు గోడకు మూడు దారుల్లో వస్తుంది. నేల నుంచి పైకి ఎక్కేది మొదటిది. లాంతరు వత్తి కిరోసిన్‌ను పైకి లాగినట్టే ఇటుకలోని సన్నని రంధ్రాలు నేలలోని నీటిని పైకి లాగుతాయి. దీనికి కారణం కేశనాళికీయత. ఈ చెమ్మ సాధారణంగా నేల నుంచి మూడు, నాలుగు అడుగుల దాకా ఎక్కి, ఆ ఎత్తున అలల అంచులా ఒక గీత ఏర్పరుస్తుంది. నీటితో పాటు మట్టిలోని లవణాలు కూడా ఎక్కుతాయి. నీరు ఆవిరైనచోట లవణం మిగిలిపోయి తెల్లని బూజులా కనబడుతుంది. దీన్నే గోడకు ఉప్పు పట్టడం అంటాం. స్ఫటికాలు పూత లోపల పెరిగేటప్పుడు పూతను నెట్టి రాల్చేస్తాయి.

ఈ రాలే చోట చాలామంది చేయించే పని ఏమిటి? మూడడుగుల ఎత్తు వరకు పాత పూత చెక్కించి సిమెంటు పూత, దాని మీద వాటర్‌ప్రూఫ్ రంగు వేయిస్తారు. ఒక ఏడాది గోడ అద్దంలా ఉంటుంది. కింద ఆవిరైపోయే దారి మూసుకున్న నీరు ఇంకాస్త పైకి ఎక్కి, సిమెంటు ముగిసిన చోట, నాలుగో అడుగున బయటపడుతుంది. అప్పుడు సిమెంటును అయిదడుగులకు పెంచుతారు. ఇలా పైకప్పు దాకా సిమెంటు ఎక్కిన ఇళ్లను నేను చూశాను. దూలం గోడలో కూర్చునే చోటికి ఆ చెమ్మ చేరితే కలప చివరలు పుచ్చిపోతాయి. అప్పుడు అది రంగుల సమస్య కాదు, కప్పు నిలుస్తుందా లేదా అన్న సమస్య.

మరి ఏం చేయాలి? గోడ లోపలి వైపు కాకుండా బయటి వైపు చూడాలి. మన ఊళ్లలో రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడం వల్ల ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన అరుగు ఇప్పుడు వీధికి సమంగా, కొన్నిచోట్ల వీధి కంటే పల్లంగా ఉంటుంది. వాన నీరంతా పునాది దగ్గరే నిలుస్తుంది. గోడను ఆనుకుని పూలమొక్కలు, కారే కుళాయి, పొంగే ట్యాంకు, పగిలిన స్నానాలగది తూము కూడా ఇదే పని చేస్తాయి. గోడ వెంట పేరుకున్న మట్టిని తీసి, నీరు దూరంగా పోయేట్టు వాలు ఇచ్చి, వీలైతే ఒక జానెడు లోతు కాలువ తవ్వి కంకర నింపడం పార, గంప ఉన్న ఎవరైనా రెండు ఆదివారాల్లో చేసుకోగల పని. పునాది అడుగు కనబడేంత లోతుగా మాత్రం తవ్వకూడదు. ఉప్పును పొడిగా ఉన్నప్పుడే గట్టి బ్రష్‌తో రాల్చి, ఊడ్చి అవతల పారేయాలి. నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

రెండవ దారి పై నుంచి. మూడవది గాలిలోని తేమ చల్లని గోడ మీద నీటి చుక్కలుగా మారడం. గోడ చెమ్మగా ఉన్నచోట జానెడు ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. షీటు వెనుక, గోడ వైపు నీటి చుక్కలు కనిపిస్తే నీరు గోడలోంచి వస్తున్నది. గది వైపు ఉంటే గాలిలోంచి వస్తున్నది. రెండో సందర్భంలో మరమ్మతు అక్కర్లేదు, కిటికీలు తెరిస్తే చాలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: సిమెంటు పూత వేసిన తరువాత చెమ్మ గీత ఎందుకు పైకి జరుగుతుంది? ఉప్పు పట్టిన గోడను నీటితో ఎందుకు కడగకూడదు?

పైకప్పు

పెంకుటింట్లో నీటి మరక కనబడిన చోటే పెంకు పగిలిందని అనుకోకండి. నీరు వాసం వెంట జారి దూరంగా కారుతుంది. మరక నుంచి పైకి, వాలు వెంట వెతకాలి. మంగళూరులో బాసెల్ మిషన్ వారు 1865లో ప్రారంభించిన కర్మాగారం నుంచి వ్యాపించిన ఈ పెంకులు ఒకదానిలో ఒకటి ఇమిడేట్టు తయారైనవి. అందువల్ల పై వరుస పెంకును కొద్దిగా ఎత్తి పగిలినదాన్ని లాగి కొత్తది జొనపవచ్చు. కొత్త పెంకు పాత అచ్చుకు సరిపోవాలి. అడుగు పెంకు మీద కాకుండా వాసాల మీద పరచిన పలక మీద వేయాలి. ఒంటరిగా, తడి కప్పు మీదకు ఎప్పుడూ ఎక్కకూడదు.

మద్రాసు టెర్రస్ అనే మిద్దె కట్టుబడి వేరు. టేకు దూలాల మీద కలప, దాని మీద ఇటుకలను నిలువుగా ఐమూలగా సున్నంలో పేర్చి, ఆ పైన ఇటుక ముక్కలు కలిపిన సున్నపు కాంక్రీటును చెక్క బడితెలతో రోజుల తరబడి కొట్టి, చివర పలుచని పలకలు పరుస్తారు. ఇది కారినప్పుడు రెండంగుళాల సిమెంటు కాంక్రీటు పోయించమని సలహా ఇస్తారు. లెక్క వేసి చూడండి. ఘనమీటరు కాంక్రీటు సుమారు 2,400 కిలోలు. అయిదు సెంటీమీటర్ల మందం అంటే చదరపు మీటరుకు 120 కిలోలు. పన్నెండడుగుల చదరపు గది మీద అది సుమారు 1,600 కిలోలు. టన్నున్నర పైచిలుకు బరువును ఎప్పుడో కట్టిన దూలాల మీద శాశ్వతంగా పెడుతున్నామన్నమాట. ఇంజనీరు చూడకుండా ఈ పని చేయించకండి.

మనం చేసుకోగలిగినది చిన్నదే కానీ ముఖ్యమైనది. వానలకు ముందు తూములలోని ఆకులు తీయడం, పలకల మధ్య తెరుచుకున్న అతుకులను సున్నం, ఇసుకతో నింపడం, పిట్టగోడలో మొలిచిన రావి మొక్కను వేలెడు ఉన్నప్పుడే వేరుతో సహా తీసేయడం. రావి మొక్కను పైన తుంచితే వేరు మరింత బలంగా పాకుతుంది. రావిచెట్టును కొట్టకూడదన్న పట్టింపు ఉన్నవారు దాన్ని తడి మట్టితో కుండీలోకి మార్చుకోవచ్చు. దానికీ గోడకూ ఇద్దరికీ మంచిదే.

పగుళ్లు

వెంట్రుకంత పగుళ్లు పూతవి, భయపడనక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఐమూలగా పోయేవి, ఇటుకల వెంట మెట్లుగా దిగేవి, అయిదు మిల్లీమీటర్లు మించి వెడల్పైనవి, గోడకు రెండు వైపులా కనబడేవి ఇంజనీరుకు చూపించాల్సినవి. నల్లరేగడి నేలల్లో మరొక సంగతి ఉంది. ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి పగులు ఎండాకాలంలో తెరుచుకుని వానాకాలంలో మూసుకుంటుంది. పగులుకు రెండు వైపులా పెన్సిల్‌తో గుర్తు పెట్టి, మధ్య దూరాన్ని నెలకొకసారి కొలిచి తేదీతో రాయండి. ఏడాది తిరిగేసరికి అదే స్థానానికి వస్తే నేల కదలిక. నెలనెలా పెరుగుతూనే ఉంటే పునాది దిగుతున్నది. ఆ చిన్న పట్టిక ఇంజనీరుకు ఎంతో ఉపయోగపడుతుంది. అది లేకుండా లప్పంతో నింపి రంగు వేయడమంటే సాక్ష్యాన్ని చెరిపేయడమే.

సున్నపు పూత, వెల్ల

కారణం తొలగించాక, గోడ ఒక ఎండాకాలం ఆరాక పూత పని మొదలుపెట్టాలి. రాలే పూతను గట్టి భాగం వచ్చేదాకా తీసి, అతుకులను వేలి మందం లోతున గీరి, ధూళి దులిపి, గోడను బాగా తడపాలి. ఒక పాలు తడి సున్నానికి మూడు పాళ్లు కడిగిన నది ఇసుక. సముద్రపు ఇసుక ఉప్పును మోసుకొస్తుంది, వాడకూడదు. ఒక్కో పొర పది, పన్నెండు మిల్లీమీటర్లు మించకుండా వేసి, తడి గోనెసంచులు వేలాడదీసి వారం పాటు నీడగా ఉంచాలి. మొదటి పొర గోటికి గట్టిగా తగిలిన తరువాతే రెండవది.

"సున్నం ఎవరు కలుపుతారండీ ఇప్పుడు? సిమెంటైతే సాయంత్రానికి అయిపోద్ది" అని మేస్త్రి అంటాడు. అతని మాటలో తప్పేమీ లేదు. అతనికి రోజు కూలి లెక్క, మనకు పదేళ్ల లెక్క. "నువ్వు పూత వెయ్యి మేస్త్రీ, సున్నం నేను నానబెట్టి ఇస్తాను" అంటే చాలామంది ఒప్పుకుంటారు.

సున్నం నానబెట్టడంలో ప్రమాదం ఉంది. ఎప్పుడూ నీటిలో సున్నం కొద్దికొద్దిగా వేయాలి, సున్నం మీద నీరు పోయకూడదు. పోస్తే అది ఎగిసి మీద పడుతుంది. పలుచని ప్లాస్టిక్ బకెట్ కరిగిపోవచ్చు కాబట్టి ఇనుప డ్రమ్ము వాడండి. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు తప్పనిసరి, పిల్లలు దగ్గర ఉండకూడదు. కంట్లో పడితే రుద్దకుండా కనీసం పదిహేను నిమిషాలు ధారగా మంచినీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నానిన సున్నం నీటి కింద ఉంచితే నెలల తరబడి, ఏళ్ల తరబడి చెడదు, పైగా మెత్తబడుతుంది. సంచిలో ఏడాదిగా ఉన్న పొడి మాత్రం గాలి పీల్చి సుద్దగా మారి ఉంటుంది.

వెల్ల వేయడానికి ఈ సున్నాన్ని పాలంత పలుచగా కలిపి వడగట్టాలి. చిక్కగా ఒక్కసారి వేస్తే పొలుసులుగా ఊడుతుంది. తడి గోడ మీద మూడు పలుచని పూతలు, పూతకూ పూతకూ ఒక రోజు ఎడం. వేసేటప్పుడు గోడ మాసినట్టు కనబడుతుంది. ఆరుతున్న కొద్దీ తెల్లబడుతుంది. రంగు కావాలంటే కావి, పసుపు మన్ను వంటి మట్టి రంగులే కలపాలి. పసుపూ సున్నమూ కలిస్తే పారాణి ఎర్రగా ఎందుకవుతుందో మీకు తెలుసు. సున్నంలోని క్షారం మొక్కల నుంచి వచ్చే రంగులను అలాగే మార్చేస్తుంది. ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు ఇప్పటికే ఉన్న గోడ మీద వెల్ల పట్టదు. ముందు దాన్ని గీకి తీయాలి.

తలుపులు, కిటికీలు, పాత రంగు

టేకు తలుపుల మీద పొరలు పొరలుగా ఉన్న పాత ఎనామిల్ రంగును గరుకు కాగితంతో పొడిగా రుద్దడం పాత ఇంట్లో చేయగల అత్యంత ప్రమాదకరమైన పనుల్లో ఒకటి. పాత రంగుల్లో సీసం ఉండేది. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం పదిలక్షల్లో 90 భాగాలు మించకూడదనే నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉందనుకునే పని చేయాలి. ఆ ధూళి పసిపిల్లల చేతుల ద్వారా నోట్లోకి పోయి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఆ నష్టం తిరిగి పూడదు. తలుపును బయటకు తెచ్చి, తడుపుతూ గీకి, రాలినది కాగితంలో చుట్టి పారేసి, నేలను తడిగుడ్డతో తుడవాలి. ఆ రోజుల్లో పిల్లలను, గర్భిణులను ఇంట్లో ఉంచకపోవడం మంచిది. రంగు గట్టిగా, రాలకుండా ఉంటే దాన్ని కదిలించకుండా పైన కొత్త రంగు వేయడమే మేలు.

చెదలు ఉన్నాయేమో స్క్రూడ్రైవర్‌తో చౌకట్టు అడుగున గుచ్చి చూడండి. లోపలికి దిగిపోతే వడ్రంగిని పిలవండి. సిమెంటు రేకుల వసారా ఉంటే ఆ రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. వాటిని కోయడం, రంధ్రాలు వేయడం, పగలగొట్టడం చేయకండి.

కరెంటు

బల్బు, ఫ్యాను రెగ్యులేటరు, స్విచ్ మార్చడం వరకు మెయిన్ ఆపి, టెస్టరుతో చూసుకుని చేసుకోవచ్చునని కొందరు అంటారు. పాత ఇంటి విషయంలో నేను అంత దూరం కూడా వెళ్లను. చెక్క పట్టీల మీద వేసిన వైరింగులో తొడుగు పెళుసై, తాకితే రాలిపోతుంది. ఎర్తు తీగ ఉండదు, ఉన్నా ఎర్తు గొయ్యి ఎండిపోయి ఉంటుంది. 230 వోల్టులు, చెమ్మ గోడ, ఇనుప గ్రిల్లు కలిస్తే ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో ఎర్తు పరీక్ష చేయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. మొత్తం మరమ్మతుల్లో డబ్బు ఒక్కచోటే పెట్టగలిగితే ఇక్కడే పెట్టండి. గోడలకు గాడి కొట్టించే పని పూతకు ముందే ముగించాలి.

అభ్యాసం

మీ ఇంటిదో, మీ ఊరిలో తెలిసిన వారి ఇంటిదో ఒక పాత గోడను ఎంచుకోండి. దాని మందం, అతుకు రంగు, నీటి గ్లాసు పరీక్ష ఫలితం, చెమ్మ గీత ఎత్తు, బయటి నేల లోపలి నేల కంటే ఎంత ఎత్తో లేదా పల్లమో రాయండి. గోడకు చివరిసారి ఏ పూత, ఏ రంగు, ఏ సంవత్సరం వేశారో ఇంటి పెద్దలను అడిగి తెలుసుకోండి. ఈ వివరాల ఆధారంగా నీరు ఏ దారిన వస్తున్నదో ఒక పేజీలో వివరించి, మొదట చేయవలసిన ఒక్క పనిని, దానికి కావలసిన పనిముట్లను పేర్కొనండి.